ఋణానుబంధం

తెలుగులో 'చూచు' అన్న క్రియకు ప్రేరణార్థకం 'చూపు'. ఆ మాటే నామవాచకంగా కంటి దృష్టికి కూడ పేరు. ఒకరికి ఏదైనా చూపడమంటే వారికి కొంత చూపునివ్వడం కూడ అన్నమాట. ఈ రెండర్థాలు ఒకే మాటలో కలిసి ఉండడం భాషలోని యాదృచ్ఛికతే కావచ్చు. కాని మనవలను వెంటబెట్టుకొని ఊరు చూపించడానికి బయలుదేరే తాతయ్యలకూ అమ్మమ్మలకూ అది ఒక చిక్కు ప్రశ్నను మిగిలిస్తుంది. ఊరిలో ఏది చూపాలి? కంటికి ఇంపుగా కనబడేదా, ఆ ఇంపు ఎక్కడినుండి వచ్చిందో అదా? రెండవది చూపితే పసివారి ఆనందం చెడదా? చూపకపోతే, వారికి మనం ఇచ్చినది చూపేనా?

ఈ ప్రశ్న నన్ను ఎడారి దేశంలో పట్టుకొన్నది. మా అమ్మాయి ఖతర్‌లో రాస్ లఫాన్ పారిశ్రామిక నగరంలో ఇంజనీరు. 'రాస్' అంటే అరబ్బీలో తల. సముద్రంలోకి చొచ్చుకొని పోయిన భూమి కొనను కూడ అలాగే పిలుస్తారు. రాజధాని దోహాకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఒకనాడు ఇసుకా ఉప్పుగాలీ తప్ప మరేమీ లేని ఆ కొన ఇప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద సహజవాయు కేంద్రాలలో ఒకటి. తీరానికి ఆవల సముద్రగర్భంలో ఉన్న వాయుక్షేత్రాన్ని 1971లో కనుగొన్నారు. ఖతర్ స్వతంత్రమైనదీ ఆ సంవత్సరమే. ఆ వాయువును సున్నాకు దిగువన 162 డిగ్రీల వరకు చల్లబరిస్తే ద్రవమై, తన పరిమాణంలో ఆరువందలవ వంతుకు కుంచించుకుపోతుంది. అప్పుడు దానిని ఓడలలోకి ఎక్కించవచ్చు. మొదటి ఓడ 1996 చివరలో జపానుకు బయలుదేరింది. 2004 నుండి గుజరాత్‌లోని దహేజ్ రేవుకు కూడ వస్తున్నది. మన దేశంలో ఏ కర్మాగారపు కొలిమిలోనో, ఏ ఇంటి పొయ్యిలోనో రాస్ లఫాన్ వెలుగుతూ ఉండవచ్చు.

అయితే రాస్ లఫాన్ చూడదగిన చోటు కాదు. అనుమతి పత్రం లేనిదే ద్వారం దాటనివ్వరు. ఉద్యోగుల కుటుంబాలు కొంత దూరాన ఉన్న అల్ ఖోర్ పట్టణంలో ఉంటాయి. రాత్రివేళ ఆకాశపు అంచున ఎర్రగా కనబడే మంటే బయటివారికి దాని దర్శనం. గోదావరి జిల్లాల నుండి వెళ్లిన నాకు ఆ మంట కొత్త కాదు. కోనసీమ కొబ్బరితోటల మీదుగా అటువంటి ఎరుపును చూచిన తరం మాది. మా మనవరాలికి మాత్రం అది 'అమ్మ ఆఫీసు దీపం'. దేశపు కలిమికి మూలమైన చోటును ఎవరూ చూడబోరు. ఆ కలిమి రూపుదాల్చిన చోటును అందరూ చూడబోతారు. అందువల్ల సెలవు వచ్చినదంటే అందరి దారీ దోహాయే.

మనవరాలికి తొమ్మిదేళ్లు. పుట్టింది అక్కడే. తెలుగు మాట్లాడుతుంది, 'ళ'కారం పలుకవలసిన చోట కొంచెం తడబడుతుంది. దోహాను ఆమె ఎప్పుడూ 'మా దోహా' అంటుంది. ఒక జనవరి శనివారం ఆమెయే నాకు 'మా దోహా' చూపిస్తానని బయలుదేరదీసింది. లుసైల్ వద్ద కారు నిలిపి మెట్రో ఎక్కాము. ఎవరు ఎవరికి ఊరు చూపుతున్నారన్నది ఆ రోజు సాయంత్రం దాక తేలలేదు.

మొదట ఇస్లామిక్ కళల మ్యూజియం. సముద్రంలో మట్టి పోసి కట్టిన చిన్న దీవి మీద, తెల్లని రాతి దిమ్మెలను ఒకదానిపై ఒకటి తిప్పి పేర్చినట్లున్న ఆ కట్టడం 2008లో తెరిచారు. రూపకర్త ఐ. ఎం. పేయ్. అది తెరిచేనాటికి తొంభై ఏళ్లు దాటిన ఆ వాస్తుశిల్పి, అంతకుముందు ఇస్లామిక్ నిర్మాణాల సారమేమిటో తెలుసుకోవడానికి దేశదేశాలు తిరిగి, చివరకు కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదు ముంగిట ఉన్న చిన్న నీటిమండపంలో దానిని కనుగొన్నాడు. కాళ్లూ చేతులూ కడుగుకొనే చోట! పూజకు ముందు శుద్ధి జరిగే చోటు పూజాస్థలానికంటె గొప్పగా ఒక శిల్పికి తోచడం నాకు చాల నచ్చింది. మన కోనేళ్లు గుర్తుకు వచ్చాయి.

మనవరాలికి ఈ సంగతులన్నీ బడిలో చెప్పారు. "ఈయనే కట్టారు అమ్మమ్మా" అన్నది గర్వంగా.

"ఒక్కరేనా?"

ఆమె ఆలోచించింది. "బొమ్మ ఆయన వేశారు. కట్టింది..." అని చుట్టూ చూచింది. గోడల మీద ఆ పేర్లేవీ లేవు.

ఇది దోహాకు మాత్రమే చెందిన లోపమని అనుకుంటే అన్యాయం. మా రాజమహేంద్రవరానికి వచ్చినప్పుడు ఇదే పిల్లకు ధవళేశ్వరం ఆనకట్ట చూపించాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్ట మా డెల్టాకు అన్నం పెట్టింది. సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం లేని ఊరు గోదావరి సీమలో అరుదు. ఆ భక్తి సహేతుకమైనదే. ఆయనకు కుడిభుజమై కూలీలను సమకూర్చిన వీణెం వీరన్న పేరు కొందరికే తెలుసు. ఇక ఆ రాళ్లను మోసిన వేలమంది? వారు తిన్న గంజి, వారికి వచ్చిన జ్వరాలు, ఎండలో కట్ట మీదనే ఉయ్యాల కట్టి పడుకోబెట్టిన వారి పసిపిల్లలు — ఇవన్నీ మనం ఊహించుకోవలసినవే. ఇందుకు మినహాయింపుగా తోచేది పాలంపేట. క్రీ.శ. 1213 నాటి శాసనం అక్కడి ఆలయాన్ని కట్టించినవాడు కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడని చెబుతుంది. జనం నోట మాత్రం అది రామప్ప గుడి. రామప్ప శిల్పి పేరని జనశ్రుతి. ఆ జనశ్రుతి నిజమో కాదో పండితులు తేల్చుకుందురుగాక. కట్టించినవాని కంటె కట్టినవాని పేరుతో గుడిని పిలవాలని ఒక జాతికి అనిపించడమే నాకు ముఖ్యం.

మధ్యాహ్నం సూక్ వాకిఫ్ అంగడికి వెళ్లాము. సన్నని సందులు, మట్టిరంగు గోడలు, డేగలు అమ్మే దుకాణాలు, కుంకుమపువ్వు, మన కరివేపాకు కూడ. అక్కడ ఎర్రని చొక్కా తొడుగుకొన్న ముసలివారు ఒంటిచక్రపు తోపుడుబండ్లతో తిరుగుతూ కొన్నవారి మూటలను కారు దాక చేరుస్తారు. వారిని ఏమంటారని అడిగితే మనవరాలు "హమ్మాల్" అన్నది. బడిలో నేర్పే అరబ్బీ మాట. మన ధాన్యపు మార్కెట్లలో బస్తాలు మోసేవారిని హమాలీలంటామని చెప్పగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. ఇంట్లో మాట, బడిలో మాట ఒక్కటేనని తెలిసినప్పుడు పిల్లలకు కలిగే సంతోషం వేరు. బరువు మోసేవాని పేరు ఏ ఓడలో ఎక్కి మన భాషలోకి వచ్చిందో గాని, చెక్కుచెదరకుండా వచ్చింది. రూపాయి ఇటునుంచి అటు వెళ్లింది. 1966 దాక ఖతర్‌లో చెల్లిన నాణెం రూపాయే. 1959 నుండి గల్ఫు దేశాల కోసమే మన రిజర్వు బ్యాంకు వేరు నోట్లు అచ్చువేసేది.

అసలు విషయం జాతీయ మ్యూజియంలో ఎదురైంది. ఎడారి ఇసుకలో స్ఫటికాలు పూవు రేకులవలె గడ్డకట్టి ఏర్పడే 'ఎడారి గులాబి' ఆకారంలో ఫ్రెంచి వాస్తుశిల్పి జాఁ నువెల్ రూపొందించిన ఈ భవనం 2019లో తెరిచారు. పాత రాజభవనం ఒకటి దాని నడుమ పొదిగినట్లుంటుంది. లోపల ఒక అరలో బరోడా ముత్యాల తివాచీ ఉన్నది. 1865 ప్రాంతంలో బరోడా మహారాజు ఖండేరావు గైక్వాడ్ చేయించినది. 15 లక్షల గింజముత్యాలు, వాటి నడుమ వజ్రాలు, కెంపులు, పచ్చలు, నీలాలు. మదీనాలో ప్రవక్త సమాధికి సమర్పించడానికి ఆ హిందూ రాజు దానిని చేయించాడని చెబుతారు. ఆయన మరణించడంతో అది బరోడాలోనే ఉండిపోయింది. 2009లో దోహాలోనే జరిగిన వేలంలో అమ్ముడై, చివరకు ఈ అరలోకి చేరింది. ఆ ముత్యాలు పుట్టినదీ ఈ సముద్రంలోనే. ఇక్కడి నీటిలో పుట్టి, అక్కడి రాజు ముంగిట తివాచీగా మారి, నూట యాభై ఏళ్లకు తిరిగి పుట్టింటికి వచ్చాయన్నమాట.

"ఇవే కదా నీ చెవులకున్నవి?" అన్నది మనవరాలు.

అవును. మా అమ్మ పెళ్లినాటికి హైదరాబాదు పత్థర్‌గట్టీలో కొన్న బస్రా ముత్యాల దుద్దులు అవి. బస్రాలో ముత్యాలు పండవు. వర్తకం ఆ దారిన సాగేది కనుక ఆ పేరు. పండేది ఖతర్, బహ్రెయిన్ తీరాల లోతులేని నీటిలో. హైదరాబాదును ముత్యాల నగరమని మనం మురిసిపోతాం గాని, ఆ నగరానికి సముద్రమే లేదు! దుద్దుల మీద నాకు చాల మక్కువ. ఎన్నేళ్లయినా తేనెరంగు కలిసిన ఆ తెలుపు మాసిపోలేదు.

తరువాతి గదిలో ఆ ముత్యాలు ఎలా తీసేవారో చూపారు. ఎండాకాలం నాలుగు నెలలు చెక్కపడవల మీద వెళ్లేవారు. మునిగేవాడు ముక్కుకు చిమటావంటి బిళ్ల తగిలించుకొని, కాలికి రాయి కట్టుకొని, మెడకు బుట్ట వేలాడదీసుకొని, ఊపిరి బిగబట్టి దిగుతాడు. పైన మరొకడు తాడు పట్టుకొని ఉంటాడు. క్రిందివాడు తాడును లాగితే పైవాడు పైకి లాగాలి. అతని ఏమరుపాటు ఇతని ప్రాణం. రోజుకు అనేకమార్లు ఇలా. పొద్దుటినుండి సాయంత్రం దాక తిండి దాదాపు లేదు. కడుపు నిండితే మునగలేరు. చెవులు చిల్లులు పడేవి, కళ్లు మంటలెత్తేవి. వేల ఆలుచిప్పలు తెరిస్తే ఎక్కడో ఒక మంచి ముత్యం.

ఇవన్నీ మనవరాలు నోరు తెరుచుకొని చూచింది. కాని ఆమెను ఆపివేసినది వేరే సంగతి: అప్పు. ఓడ బయలుదేరకముందే, వెనుక ఇంటిల్లిపాది తిండికోసం మునిగేవాడు యజమాని వద్ద ముందుగా సొమ్ము తీసుకొనేవాడు. ఋతువు ముగిసి ముత్యాలు అమ్మిన తరువాత అతని వాటా ఆ అప్పుకు జమ అయ్యేది. చాలకపోతే మరుసటి ఏటికి మిగిలేది. అతడు చనిపోతే కొడుకుల మీదికి వచ్చేది. 1930ల నాటికి జపానులో పెంపుడు ముత్యాలు చవకగా రావడం, ప్రపంచమంతటా మాంద్యం కమ్మడం కలిసి ఈ వర్తకాన్నే ముంచివేసేదాక చాల కుటుంబాలు ఆ లెక్కలోనే బ్రతికాయి.

"ముత్యం తీసి ఇచ్చినవాడే అప్పు ఉన్నాడా?" అన్నది పిల్ల. కాసేపు ఆగి, నా చెవుల వైపు చూచి, "అయితే నువ్వు అవి పెట్టుకోకూడదా?" అన్నది.

తత్త్వశాస్త్ర గ్రంథాలలో ఇంతకంటె సూటియైన ప్రశ్నను నేను ఎక్కువగా చూడలేదు. ఇతరుల బాధలో పుట్టిన అందాన్ని మనం ఏం చేయాలి? తీసివేయాలా? నేను దుద్దులు తీసి పెట్టెలో పెట్టినంతమాత్రాన, ఎన్నడో మునిగిన ఆ మనిషికి ఒక్క శ్వాస కూడ తిరిగిరాదు. పోనీ, జరిగినది జరిగిపోయినదని హాయిగా పెట్టుకోవాలా? అదీ మనసొప్పదు. ప్రశ్న అడగకముందు అలా పెట్టుకోవచ్చు; అడిగిన తరువాత పెట్టుకోవడం వేరు పని.

అందుకు నేను చెప్పిన సమాధానం ఇది: లెక్క తారుమారుగా వ్రాశారమ్మా. అతడు మనకు అప్పు లేడు, మనమే అతనికి అప్పు.

వేదవాఙ్మయం మనిషి పుడుతూనే ఋణస్థుడని చెప్పింది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం — ఈ మూడూ మన ప్రవచనాలలో తరచు వినబడతాయి. శతపథ బ్రాహ్మణం నాలుగవది కూడ చెప్పింది: మనుష్య ఋణం. తోటి మనుషులకు నీడనిచ్చి అన్నం పెట్టడం వలన అది తీరుతుందట. ఈ నాలుగవది మన జ్ఞాపకాలలోనుండి ఎలాగో జారిపోయింది. మొదటి మూడూ మనకంటె గొప్పవారికి చెల్లించవలసినవి కనుక జ్ఞాపకం ఉంచుకోవడం తేలికేమో. నాలుగవ అప్పు ఇచ్చినవాడు చొక్కాకు సున్నం అంటుకొన్నవాడు, పేరు తెలియనివాడు. అతనికి బాకీ ఉన్నామని ఒప్పుకోవడానికి ఒక రకమైన వినయం కావాలి.

మా అమ్మాయి దీనిని ఒప్పుకోలేదు. ఏలకుల వాసన వచ్చే చాయ్ — మన 'కడక్' అక్కడ 'కరక్' అయింది — త్రాగుతూ వాదించింది. "దానికి తొమ్మిదేళ్లమ్మా. సెలవురోజు సంతోషంగా తిరగనివ్వవా? ప్రతి గోడ వెనుకా ఒక దుఃఖం ఉంటుంది. అన్నీ చెప్పుకుంటూ పోతే పిల్ల దేనినీ తాకలేదు." ఈ మాటలో బలం లేకపోలేదు. అందానికి మురిసిపోవడం పిల్లల హక్కు. విమానాశ్రయంలో పసుపుపచ్చని పెద్ద ఎలుగుబంటి బొమ్మను చూచి ఎగిరి గంతేసే పిల్లకు కంచు ఎక్కడిది, రంగు ఎవరు వేశారని పాఠం మొదలుపెట్టే అమ్మమ్మ ఎవరికీ అక్కరలేదు. అడగకముందే చెప్పే సత్యం చాలసార్లు ఉపదేశమై ఊరుకుంటుంది. అడిగినప్పుడు దాటవేయడం మాత్రం వేరు. పిల్ల అడిగింది, ఆ క్షణాన బొమ్మల వైపు దృష్టి మళ్లించడం ఆమె చూపును మనం అరచేతితో మూసినట్లే.

ఆమె రెండవ వాదం ఇంకా పదునైనది. "నేనూ జీతానికే వచ్చాను. వాళ్లూ జీతానికే వచ్చారు. కష్టమైన పనే కావచ్చు. ఊళ్లో ఇళ్లు కట్టుకొన్నారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. వాళ్లను చూచి జాలిపడడం వాళ్లను తక్కువ చేయడం కాదా?" జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల పల్లెలకు వెళితే ఈ మాట నిజమని మిద్దెలే చెబుతాయి. కడప జిల్లాలోనూ మా కోనసీమలోనూ గల్ఫు డబ్బుతో లేచిన ఇళ్లు ఎన్నో. ఖతర్ కూడ ఉన్నచోటనే ఉండిపోలేదు: యజమాని అంగీకారం లేకుండ ఉద్యోగం మారే హక్కు 2020లో వచ్చింది, 2021లో అందరికీ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లుగా అమలులోకి వచ్చింది, వేసవిలో పదిగంటల నుండి మూడున్నర దాక ఆరుబయట పని నిషేధించారు. ఇవి చిన్న విషయాలు కావు. అయినా దళారికి చెల్లించడానికి వడ్డీకి తెచ్చిన అప్పుతో విమానమెక్కి, మొదటి సంవత్సరాల జీతమంతా దానికే జమచేసే మనిషిని చూచినప్పుడు ఆ ముత్యాలవాని లెక్కపుస్తకం గుర్తుకు రాక మానదు. గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల సాయం ఏర్పాటు చేయవలసి వచ్చిందంటే, ఆ మరణాలు ఎక్కడో ఒకటి అరా కావని అర్థం.

అమ్మాయి జాలి గురించి చెప్పినది మాత్రం నేను పూర్తిగా అంగీకరిస్తాను. జాలిపడేవాడు తనను మెట్టు పైన ఊహించుకుంటాడు. బాకీ ఉన్నవాడు ఆ పని చేయలేడు. ఋణం అన్న మాటను నేను పట్టుకొని వేలాడడం ఇందుకే. జీతం ముట్టినంతనే లెక్క తీరిపోతుందని సంత నియమం చెబుతుంది. సంతకు అది చాలు. రాయి ఎత్తినందుకు జీతం ఉన్నది. రాయి ఎత్తుతూ ఉన్నప్పుడు ఊరిలో కూతురు మొదటి అడుగు వేస్తే, దానికి జీతం ఏ పట్టీలోనూ లేదు. మా అమ్మాయికి తన కూతురి మొదటి అడుగు చూచే భాగ్యం ఈ దేశం ఇచ్చింది, ఎందుకంటే ఆమె ఉద్యోగానికి కుటుంబ వీసా ఉన్నది. ఇద్దరూ జీతానికే వచ్చారన్నది నిజమే గాని, ఇద్దరూ ఒకే వెల చెల్లించలేదు.

సాయంత్రం మ్యూజియం పార్కులో పూలమొక్కలకు నీరు పెడుతున్న ఒకాయన మా మాటలు విని తల ఎత్తాడు. "తెలుగోల్లా అమ్మా?" అన్నాడు. జగిత్యాల పక్క పల్లె అట. రెండేండ్లకోసారి పోతాడట. మనవరాలు ఆయనను "అంకుల్" అన్నది, వెంటనే నా వైపు తిరిగి, "ఏమనాలి అమ్మమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆయన నవ్వి, "మామ అను బిడ్డా" అన్నాడు. తన బిడ్డ కూడ నాలుగో తరగతే అన్నాడు. ఆ పిల్ల పేరేమిటి, ఏ పాటలు ఇష్టమని మనవరాలు అడిగింది, ఆయన చెప్పాడు. అంతే. ఫోటో తీయాలని మా అమ్మాయి ఫోన్ తీయబోతే నేను వద్దన్నాను. మనుషులు చూడదగిన ప్రదేశాలు కారు. కష్టజీవుల వసతులను విహారయాత్రలో భాగంగా పిల్లలకు చూపించుకొచ్చే కొత్త అలవాటొకటి లోకంలో బయలుదేరింది. మంచి ఉద్దేశంతోనే కావచ్చు, నాకది మరింత అమర్యాదగా తోస్తుంది. పలుకరించడం వేరు. వరుస కలపడం ఇంకా వేరు. తెలుగులో అపరిచితుని పిలవాలన్నా ఏదో ఒక వరుస కావాలి — అన్నా, బాబాయ్, మామ, పిన్నీ. వరుస పెట్టి పిలిచిన తరువాత, ఆయన మొక్కలకు నీరు పెట్టే యంత్రం కాలేడు. విదేశాలలో పిల్లలకు తెలుగు ఎందుకు నేర్పాలని అడిగేవారికి నేను పద్యాల గొప్పతనం కంటె ముందు ఈ పిలుపులనే చెబుతాను.

మ్షైరిబ్ పేటలో బిన్ జెల్మూద్ ఇల్లు అని ఒకటి ఉన్నది. ఒకప్పుడు బానిసల వర్తకుని ఇల్లు. 2015 నుండి హిందూ మహాసముద్ర తీరాలలో సాగిన బానిసత్వపు చరిత్రను చెప్పే మ్యూజియం. ఖతర్‌లో బానిసత్వం రద్దయినది 1952లో. ముత్యాల ఓడలలో బానిసలూ ఉండేవారు. తన రాజధాని నడిబొడ్డున తన అవమానాన్ని తానే ప్రదర్శించిన దేశాన్ని నేను గౌరవిస్తాను. మన ఊళ్లలో వెట్టి చేసినవారి కోసం ఇటువంటి ఇల్లు ఎక్కడున్నదని ఎవరైనా అడిగితే నాకు వెంటనే నోటికి రాదు. అయినా ఆ ఇంటి గడప ఆ రోజు దాటలేదు. ముత్యాలవాని కథను తొమ్మిదేళ్ల పిల్ల మోయగలదు. ఇది పన్నెండేళ్ల వయసుకు. ఈ విషయంలో అమ్మాయీ నేనూ ఏకాభిప్రాయానికి వచ్చాము. ఏ వయసుకు ఎంత అన్నది తల్లులకూ అమ్మమ్మలకూ మిగిలిన వివేకం.

'మా దోహా' అన్న మాట సంగతి మిగిలిపోయింది. చట్టం ప్రకారం అది ఆమెది కాదు. ఖతర్ జనాభాలో పదింట దాదాపు తొమ్మిదిమంది బయటి దేశాలవారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటారు, ముగియగానే వెళతారు. మా అమ్మాయి ఒప్పందం ముగిసిననాడు, పుట్టి పెరిగిన ఊరికి మనవరాలు సందర్శకురాలి వీసా మీద రావలసి ఉంటుంది. కొందరు బంధువులు పిల్లకు ఈ మాట ఇప్పుడే తెలియాలి, 'మా' అనడం మాన్పించాలి అంటారు. తెలియాలి సరే, మాన్పించడం ఎందుకు? భూమి పత్రం ఉన్నవాడే 'మా ఊరు' అనాలంటే మన పల్లెలలో సగం మందికి ఊరు లేదు. తెలుగులో మనుషుల మధ్య విడదీయరాని పొత్తుకు ఆస్తి పేరు పెట్టలేదు, ఋణానుబంధం అన్నాము. బాకీ వలన కట్టుబడడం అని. ఆ మాటకు పూర్వజన్మల అర్థం ఉన్నదని నాకు తెలుసు. ఈ జన్మలోనే లెక్క చూచినా ఈ పిల్ల దోహాకు చాలినంత బాకీ ఉన్నది: ముత్యాలవానికి, సూక్‌లో హమ్మాలుకు, పూలమొక్కల మామకు, పేయ్ గీసిన గీతను రాయిగా మార్చినవారికి, రాత్రిపూట రాస్ లఫాన్ మంట క్రింద వాల్వులు తిప్పేవారికి. ఆ పేర్లు తెలుసుకొంటున్నంతకాలం ఆమె 'మా' అనవచ్చుననే నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో మనవరాలు చాలసేపు మాట్లాడలేదు. అల్ ఖోర్ దగ్గరపడుతుండగా, దుద్దులు తరువాత ఎవరికి ఇస్తావని అడిగింది. నీకే, వాటితోపాటు ఆ మునిగినవాని కథ కూడ నీకే, రెండూ కలిపి తీసుకోవాలి, విడివిడిగా ఇవ్వను అన్నాను. ఆలోచించి చెబుతానన్నది. ఏడాది దాటింది. వారానికోసారి ఫోనులో మాట్లాడుకుంటాము. బడి సంగతులు, పిల్లి సంగతులు, మామ కూతురు ఐదో తరగతికి వచ్చిన సంగతి కూడ చెబుతుంది. దుద్దుల విషయం మాత్రం ఇంకా తేల్చలేదు.